సూర్యుడు దిగాక కూడా ఫర్నేసుకి హైడ్రోజన్: 1 మెగావాట్ ఆల్కలైన్ ప్లాంటు ప్రాజెక్టు డైరీ

లెక్కలు తేలిన దశ

విశాఖ–అనకాపల్లి తీరంలో స్టెయిన్‌లెస్ స్టీల్ కోల్డ్ రోలింగ్ చేసే ఒక యూనిట్‌కి గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన కరెంటుతో నీటిని చీల్చి తీసే హైడ్రోజన్) ప్లాంటు కట్టే పని ఇది. గ్యాస్ వెళ్లేది బ్రైట్ ఎనీలింగ్ ఫర్నేసులోకి, అంటే ఉక్కు రేకుని (స్ట్రిప్) వేడిచేసి మెత్తబరిచే కొలిమిలోకి. అక్కడ స్ట్రిప్ 1,050–1,100 డిగ్రీల వేడిలో నడుస్తుంది. చుట్టూ పొడి హైడ్రోజన్ ఉంటేనే మెరుపు పోకుండా బయటికొస్తుంది. ఇంతకాలం అమ్మోనియాని విడగొట్టే క్రాకర్ మీద నడిచింది: 75 శాతం హైడ్రోజన్, 25 శాతం నైట్రోజన్.

ఈ డైరీలో గ్యాస్ కొలతల్లో ఘ.మీ. అని రాస్తే నార్మల్ ఘనపు మీటరే (0 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్). ట్యాంకు లోపలి ఖాళీని మాత్రం నీటి కొలత అని విడిగా రాస్తున్నాం.

ఫర్నేసు అడిగేది గంటకు 80 ఘ.మీ., పగలూ రాత్రీ ఒకేలా. రోజుకి 1,920 ఘ.మీ., అంటే 173 కిలోలు. నీటిని కరెంటుతో చీల్చే ఎలక్ట్రోలైజర్ పూర్తి లోడులో గంటకు 200 ఘ.మీ. ఇస్తుంది, 18 కిలోలు. 9.6 గంటలు పూర్తి లోడులో నడిస్తే ఆ రోజు అవసరం తీరిపోతుంది. కష్టమంతా మిగిలిన 14 గంటల్లో ఉంది. ఈ ప్రాజెక్టులో తీసుకున్న దాదాపు ప్రతి నిర్ణయం ఆ 14 గంటల చుట్టూనే తిరిగింది.

స్టాక్ (నీటిని చీల్చే సెల్స్ దొంతర) వివరాలు: 120 సెల్స్ బైపోలార్ (ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపినవి), ఒక్కో ఎలక్ట్రోడు సుమారు 1 చదరపు మీటరు, 4,000 ఆంపియర్లు, సెల్‌కి 1.88 వోల్టులు, మొత్తం 225 వోల్టులు, 900 కిలోవాట్ల డీసీ. ఒక ఘ.మీ. హైడ్రోజన్‌కి 2.39 కిలోఆంపియర్-గంటలు కావాలి. దాన్ని సెల్ వోల్టేజీతో గుణిస్తే 4.5 యూనిట్లు వస్తాయి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నష్టం, పంపులు, డ్రయ్యర్ హీటర్లు కలిపితే 5 యూనిట్లు. కిలో లెక్కన 55.6. ఎవరైనా కిలోకి 45 యూనిట్లు చాలంటే, అది ఎక్కడ కొలిచిన అంకె అని అడగాలి. స్టాక్ దగ్గర డీసీ అంకెకీ, మెయిన్ మీటరు దగ్గర ఏసీ అంకెకీ తేడా ఇక్కడే పది శాతం ఉంది.

ఇదే తరహా వాడకానికి 2024 మార్చిలో హర్యానాలోని హిసార్‌లో జిందాల్ స్టెయిన్‌లెస్ ప్లాంటు మొదలైంది. ఖనిజాన్ని నేరుగా హైడ్రోజన్‌తో ఇనుముగా మార్చడం వేరే స్థాయి పని. టన్ను ఇనుముకి రసాయన లెక్క ప్రకారమే 54 కిలోలు కావాలి. మా ప్లాంటు రోజంతా పూర్తి లోడులో నడిచినా 432 కిలోలు, అంటే 8 టన్నుల ఇనుము. మెగావాట్ ఎంత చిన్నదో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఎనీలింగ్‌తో మొదలుపెట్టడానికి కారణం కూడా అదే: పరిమాణం తక్కువ, వాడకం నిలకడగా ఉంటుంది, హైడ్రోజన్ కొనడం అక్కడ ముందునుంచీ అలవాటే.

కరెంటు: రెండు కిలోల గీత

2023 ఆగస్టులో కేంద్ర నవీన ఇంధన శాఖ పెట్టిన నిర్వచనం ప్రకారం, కిలో హైడ్రోజన్‌కి 12 నెలల సగటున 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాటకూడదు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు వదులుతుంది. 55.6 యూనిట్లూ గ్రిడ్ నుంచే తీసుకుంటే కిలోకి 39 కిలోలు. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్ 9–10 కిలోలు వదులుతుంది, అంటే గ్రిడ్ మీద నడిపిన ఎలక్ట్రోలైజర్ దానికంటే నాలుగు రెట్లు అధ్వాన్నం. 2 కిలోల గీత లోపల ఉండాలంటే గ్రిడ్ వాటా 5 శాతం దాటకూడదు.

రాత్రి స్టాక్ ఆపకుండా 25 శాతం లోడులో గ్రిడ్ మీద తిప్పుదాం అన్న ప్రతిపాదన ఇక్కడే పోయింది. 250 కిలోవాట్లు, 14 గంటలు, 3,500 యూనిట్లు. రోజు మొత్తం కరెంటు 9,600 యూనిట్లలో ఇది 36 శాతం. సగటు కిలోకి 14 కిలోలవుతుంది. పేరు గ్రీన్, పొగ రిఫార్మర్ కంటే ఎక్కువ. అందుకని ఓపెన్ యాక్సెస్‌లో (ఉత్పత్తిదారు దగ్గర కొని గ్రిడ్ తీగల మీదుగా తెచ్చుకోవడం) సౌర, పవన విద్యుత్తు కలిపి తీసుకోవడం, రాత్రి గాలి ఉంటే నడపడం, లేకపోతే వేడి చల్లారకుండా నిలిపి ఉంచడం అని తేల్చాం.

నీటి నుంచి హైడ్రోజన్ తీయడం మన దేశానికి కొత్త కాదు. 1960లలోనే నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా కరెంటుతో ఎలక్ట్రోలిసిస్ చేసి అమ్మోనియా తయారుచేసింది. డ్యామ్ కరెంటు రాత్రీ పగలూ వస్తుంది, ఎండ రాదు. నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి ఉంచి, కావాల్సినప్పుడు వదిలి కరెంటు తీసే ఏర్పాటు) నుంచి 24 గంటల కరెంటు సరైన ధరకి దొరికితే హైడ్రోజన్ ట్యాంకు సైజు తగ్గించొచ్చు. మా అభిప్రాయంలో భారీ పరిశ్రమకి అదే దారి: వీలైనంత నిల్వ కరెంటు వైపే ఉండాలి, హైడ్రోజన్ వైపు కాస్తే ఉండాలి. కరెంటుకే యూనిట్ 5 రూపాయలైతే కిలోకి 278 రూపాయలు, 3 రూపాయలైతే 167. మిగతా ఖర్చులన్నీ దీని మీద కూర్చునేవే.

నీళ్లు

కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్లు చాలని అందరూ రాస్తారు. రసాయన చర్యకి అది నిజం, గంటకు 162 లీటర్లు. తీరప్రాంత బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి ఆర్‌వో రికవరీ 70 శాతానికే పెట్టాం. అంటే ముడి నీళ్లు 230 లీటర్లు. అసలు ఖర్చు కూలింగ్ టవర్‌లో ఉంది. 900 కిలోవాట్లలో 708 హైడ్రోజన్‌లోకి వెళ్తాయి, 192 వేడిగా మిగులుతాయి. రెక్టిఫయర్, గ్యాస్ కూలర్లు, డ్రయ్యర్ కలిపితే 250 కిలోవాట్ల వేడి తీసేయాలి. దానికి గంటకు 370 లీటర్లు ఆవిరైపోతాయి, ఉప్పు పేరుకోకుండా వదిలేసే నీళ్లు (బ్లోడౌన్) ఇంకో 90. మొత్తం 690 లీటర్లు, కిలోకి 38. చీలిపోయే నీళ్ల కంటే చల్లబరచడానికి పోయే నీళ్లే రెట్టింపు పైన. నీటి అనుమతికి దరఖాస్తు పెట్టేటప్పుడు 9 అని రాస్తే తర్వాత ట్యాంకర్లు తిప్పుకోవాల్సిందే.

డీఎం (లవణాలు తీసేసిన) నీళ్ల కండక్టివిటీ సెంటీమీటరుకి 1 మైక్రోసీమెన్స్ లోపు ఉంచుతున్నాం. ఆల్కలైన్ స్టాక్ 5 దాకా తట్టుకుంటుంది, పీఈఎం రకానికైతే (లైకి బదులు పాలిమర్ పొరతో పనిచేసేది) ఇంకా శుద్ధమైన నీళ్లు కావాలి. కండక్టివిటీ కంటే క్లోరైడు మీద కన్ను ఉండాలి. నీళ్లు చీలి వెళ్లిపోతాయి, ఉప్పు వెళ్లదు, లైలో (స్టాక్‌లో తిరిగే క్షార ద్రావణంలో) పేరుకుంటూనే ఉంటుంది. డీఎం ట్యాంకు వెంట్‌కి సోడా లైమ్ క్యానిస్టర్ బిగించాం. లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి లైలో కార్బొనేట్ అవుతుంది, సెల్ వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది.

లై కలపడం

సిస్టంలో పట్టేది 2,000 లీటర్ల 30 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) ద్రావణం. సాంద్రత 1.29, కాబట్టి బరువు 2,580 కిలోలు. అందులో కేఓహెచ్ 774. దొరికేవి 90 శాతం ఫ్లేక్స్, అందుకే 860 కిలోలు, 25 కిలోల బస్తాలు 35. డీఎం నీళ్లు 1,720 లీటర్లు.

నీళ్లలో ఫ్లేక్స్ వేయాలి, ఫ్లేక్స్ మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు పుట్టే వేడి చాలా ఎక్కువ. మొత్తం ఒక్కసారి వేస్తే ద్రావణం మరుగు దాకా పోగలదు. స్టెయిన్‌లెస్ ట్యాంకు, పంపు తిరుగుతూ, కూలింగ్ కాయిల్‌లో నీళ్లు పారుతూ, రెండేసి బస్తాలు. 60 డిగ్రీలు దాటితే ఆగడం, దిగాక మళ్లీ వేయడం. అల్యూమినియం తట్టలు, జింకు పూత బకెట్లు ఆ గదిలోకే రానివ్వకూడదు, ఆ లోహాలతో లై చర్య జరిపి అక్కడే హైడ్రోజన్ వదులుతుంది. కేఓహెచ్ చేతికి జారుడుగా అనిపిస్తుంది, మంట ఆలస్యంగా తెలుస్తుంది, కంట్లో పడితే చూపు పోతుంది. ముఖం మొత్తం కప్పే షీల్డు, రబ్బరు గ్లవ్స్, పది అడుగుల్లోపు ఐవాష్ లేకుండా బస్తా విప్పనివ్వడం లేదు.

హైడ్రోమీటరు రీడింగు ద్రావణం గది ఉష్ణోగ్రతకి దిగాకే తీయాలి. వేడి లైలో సాంద్రత తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ఇంకో రెండు బస్తాలు వేసేస్తారు.

లై నింపే ముందు లైను మొత్తం డీఎం నీళ్లతో తిప్పి స్ట్రెయినర్ విప్పి చూడాలి. వెల్డింగ్ స్లాగ్, గ్రైండింగ్ పొడి తప్పకుండా దొరుకుతాయి. స్ట్రెయినర్ శుభ్రంగా వచ్చేదాకా స్టాక్‌ని బైపాస్‌లోనే ఉంచాం. సెల్ ఫ్రేముల్లో లై వెళ్లే రంధ్రాలు చిన్నవి. ఒక్కటి మూసుకుంటే ఆ సెల్‌కి లై అందక వేడెక్కి, రెండు గ్యాసుల్నీ వేరుచేసే పొర (డయాఫ్రం) కాలుతుంది.

స్టాక్ పక్కన గ్యాస్కెట్ల దగ్గర తెల్లటి పొరలా కనిపిస్తే లై చెమ్మగిల్లి గాలితో కార్బొనేట్ అయినట్టు. లీకు చుక్కల్లో లేకపోయినా సముద్రపు తేమలో ఆ పొర తడిసి కరెంటు పారే దారి అవుతుంది. ఎర్త్ ఇన్సులేషన్ రీడింగు పడిపోవడానికి ఇక్కడ మొదట చూడాల్సింది ఇదే. తడి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, స్టాక్‌ని బిగించే టై-రాడ్ స్ప్రింగుల పొడవు కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు బిగించిన బోల్టులు మొదటిసారి 85 డిగ్రీలకి ఎక్కి దిగాక తప్పక కాస్త వదులవుతాయి.

తక్కువ లోడులో ఆక్సిజన్ వైపు హైడ్రోజన్

ఎండతో నడిచే ఆల్కలైన్ ప్లాంటుకి అసలు పరీక్ష ఇదే.

డయాఫ్రం గుండా కొంత హైడ్రోజన్ ఎప్పుడూ ఆక్సిజన్ వైపు జారుతూ ఉంటుంది. 30 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక అట్మాస్ఫియర్ పీడనం) దగ్గర మా స్టాక్‌లో అది గంటకు 0.5 ఘ.మీ. పూర్తి లోడులో ఆక్సిజన్ 100 ఘ.మీ. వస్తుంది కాబట్టి అందులో హైడ్రోజన్ అర శాతమే. లోడు 25 శాతానికి దిగితే ఆక్సిజన్ 25 ఘ.మీ.కి తగ్గుతుంది, జారేది మాత్రం అదే అర ఘ.మీ. శాతం 2కి చేరుతుంది. 4 శాతం దగ్గర మండే పరిమితి. 1.5కి అలారం, 2కి ట్రిప్ (ప్లాంటు తానే ఆగిపోవడం) పెట్టాం. లెక్క ప్రకారం అలారం 33 శాతం లోడు దగ్గర మోగాలి, మోగింది కూడా అక్కడే.

జారే మోతాదు పీడనంతో పాటు పెరుగుతుంది. 18 బార్ దగ్గర అది 0.3 ఘ.మీ. మాత్రమే, 25 శాతం లోడులో కూడా 1.2 శాతం దాటదు. కాబట్టి తక్కువ లోడులో పీడనం దించాలి. కానీ స్టాక్ పీడనం బుల్లెట్ (హైడ్రోజన్ నిల్వ ట్యాంకు) పీడనం కంటే తక్కువైతే గ్యాస్ బుల్లెట్‌లోకి వెళ్లదు. ఈ ముడి తానే విడిపోయే సమయం ఉదయం. రాత్రంతా ఫర్నేసు వాడుకోవడంతో బుల్లెట్ 30 నుంచి 17 బార్‌కి దిగి ఉంటుంది. మంద ఎండలో స్టాక్‌ని 18 బార్ దగ్గర మొదలుపెట్టి, ఎండ పెరిగే కొద్దీ రెండూ కలిసి ఎక్కుతాయి.

సాయంత్రం ఆ వెసులుబాటు లేదు. బుల్లెట్ నిండి 30 బార్ మీద ఉంటుంది, ఎండ పోతూ ఉంటుంది. అందుకే కంట్రోల్ లాజిక్‌లో ఉదయానికి ఒక హద్దు, సాయంత్రానికి ఇంకో హద్దు పెట్టాం: బుల్లెట్ 20 బార్ లోపు ఉంటే 25 శాతం దాకా నడవచ్చు, 25 బార్ పైన ఉంటే 35 శాతం దగ్గరే ఆపేయాలి. ఆఖరి అరగంట ఎండని పిండుకోవాలన్న ఆశతో ఈ హద్దు తగ్గించమని అడుగుతారు. ఒప్పుకోకూడదు. దొరికేది రెండు మూడు కిలోలు, దానికి బదులు ట్రిప్ పడితే స్టాక్ చల్లబడి మరుసటి ఉదయం ఇంకా ఎక్కువ పోతుంది.

గ్యాస్‌ని లై నుంచి వేరుచేసే రెండు సెపరేటర్లలో లై మట్టాలు సమానంగా ఉండటం కూడా దీనితో ముడిపడిందే. రెండు వైపులా పీడనం తేడా వస్తే గ్యాస్ డయాఫ్రం గుండా నెట్టుకుపోతుంది. హైడ్రోజన్ వాల్వ్ స్పందన ఆక్సిజన్ వాల్వ్ కంటే నెమ్మదిగా ఉండటంతో లోడు గబుక్కున మారినప్పుడు మట్టాలు ఊగాయి. వాల్వ్ మార్చలేదు. లోడు పెరిగే వేగాన్ని తగ్గించి, ఆక్సిజన్ వాల్వ్‌ని హైడ్రోజన్ పీడనాన్ని వెంబడించేలా ట్యూన్ చేశాక కుదురుకుంది.

ఆపినప్పుడు ఇంకో సమస్య. బైపోలార్ స్టాక్‌లో లై మానిఫోల్డు గుండా సెల్స్ మధ్య వెనక్కి కరెంటు పారి, క్యాథోడ్ మీది నికెల్ పూతని ఆక్సీకరిస్తుంది. రోజూ ఆపి రోజూ లేపే ప్లాంటులో పూత ఆయుష్షు తగ్గేది ఇందువల్లే. నిలిపి ఉంచిన గంటల్లో చిన్న రక్షణ కరెంటు ఇచ్చే రెక్టిఫయర్ విడిగా పెట్టాం. అది కూడా యూనిట్లు తాగుతుంది, ఆ 5 శాతం గ్రిడ్ వాటాలో దీనికి చోటు ముందే కేటాయించాలి.

బుల్లెట్

నీటి కొలతలో 100 ఘనపు మీటర్ల ట్యాంకు. 35 డిగ్రీల దగ్గర 30 బార్‌లో ఘనపు మీటరుకి 2.3 కిలోలు పడతాయి, 5 బార్ దాకా వాడుకోవచ్చు, కింద మిగిలేది ఎప్పటికీ బయటికి రాని గ్యాస్. చేతికొచ్చేది 193 కిలోలు, ఫర్నేసుకి సుమారు 27 గంటలు. ఒక మబ్బు పట్టిన రోజుని దాటించడానికి చాలు, తుపాను వారానికి చాలదు. అందుకే పాత అమ్మోనియా క్రాకర్‌ని తీసేయకుండా ఉంచాం.

ఎస్‌ఏ-516 గ్రేడ్ 70 ప్లేటు, వ్యాసం 3 మీటర్లు, డిజైన్ పీడనం 33 బార్. లెక్కలో 36.4 మిల్లీమీటర్లు వచ్చింది, తుప్పు వాటా కలిపి 40 మిల్లీమీటర్ల ప్లేటు. ఉక్కు బరువు 45–50 టన్నులు, లోపల వాడుకోగల హైడ్రోజన్ 200 కిలోల లోపు. నిల్వ కరెంటు వైపే ఉండాలని పైన రాయడానికి కారణం ఈ రెండు అంకెలు.

రోజుకో సారి 30 నుంచి 17కి దిగి ఎక్కడం అంటే 20 ఏళ్లలో 7,300 సైకిళ్లు. గాలిలో కంటే హైడ్రోజన్‌లో అలసట పగుళ్లు పది రెట్ల దాకా వేగంగా పెరగగలవు. అందుకని నాజిల్ వెల్డులన్నీ పూర్తి పెనెట్రేషన్, వెల్డు అంచులు గ్రైండ్ చేసి నునుపు, హార్డ్‌నెస్ కొలిచి నమోదు, అల్ట్రాసోనిక్ బేస్‌లైన్ స్కాన్ భద్రం. రెండేళ్ల తర్వాత చేసే స్కాన్‌ని పోల్చడానికి ఈ మొదటి స్కాన్ లేకపోతే ఆ ఖర్చు వృథా. డ్రాయింగులు, దూరాలు నాగపూర్‌లోని పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదంతోనే ఖాయం, 2016 నాటి స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెషర్ వెసెల్స్ నిబంధనల కింద. ఫౌండేషన్ కంటే ముందే ఈ ఫైలు కదలాలి.

200 బార్ సిలిండర్ల బ్యాంకు ఎందుకు కాదంటే: అక్కడ ఘనపు మీటరుకి 14.7 కిలోలు పడతాయి, చోటు తగ్గుతుంది. కానీ డయాఫ్రం కంప్రెసర్ కావాలి. 30 నుంచి 200 బార్‌కి ఆదర్శ లెక్కలోనే కిలోకి 0.67 యూనిట్లు, నిజంలో దాదాపు రెట్టింపు. ఆ కంప్రెసర్లకి రోజూ ఆగి లేవడం పడదు, డయాఫ్రం రేకులు పగులుతాయి. 30 బార్‌లోనే గ్యాస్ ఇచ్చే స్టాక్ ఉన్నప్పుడు తిరిగే యంత్రం లేకుండా ట్యాంకు నింపడమే మేలు.

వందల టన్నుల స్థాయికి వెళ్తే ఉక్కు ట్యాంకులు కుదరవు, భూగర్భమే. ఇంగ్లండ్‌లో టీసైడ్ ఉప్పు గుహల్లో 1970ల నుంచి హైడ్రోజన్ నిల్వ ఉంది. స్వీడన్‌లోని లూలియోలో హైబ్రిట్ (హైడ్రోజన్‌తో ఉక్కు తయారీ) ప్రాజెక్టు 2022లో 100 ఘనపు మీటర్ల రాతి గుహకి ఉక్కు లైనింగు వేసి 250 బార్ దాకా డిజైన్ చేసింది. విశాఖలో కూడా రాతి గుహ ఉంది కదా, 60,000 టన్నుల ఎల్పీజీ పట్టేది, దాన్నే ఎందుకు వాడకూడదని అడుగుతారు. ఆ గుహకి లైనింగు లేదు. రాతి పగుళ్లలోని నీటి పీడనమే ఎల్పీజీని లోపల ఆపుతుంది, ఎల్పీజీకి పది బార్ల లోపు చాలు. హైడ్రోజన్‌ని 100 బార్ దగ్గర అదే పద్ధతిలో ఆపాలంటే కిలోమీటరుకి పైగా లోతు నీటి స్తంభం కావాలి. ఇక్కడి గట్టి రాయి పనికొస్తుంది, కానీ లూలియో పద్ధతిలో లైనింగుతో.

పర్జింగు, తేమ: ఎక్కువ కాలం తిన్న పని

పర్జింగు అంటే లోపలి గాలిని తరిమేయడం. బుల్లెట్‌లో గాలి ఉండగా హైడ్రోజన్ పంపకూడదు, ఆక్సిజన్ 1 శాతం లోపుకి దించాలి. నైట్రోజన్‌తో 5 బార్ గేజికి నింపి వదిలితే 21 శాతం 3.5 అవుతుంది, మళ్లీ చేస్తే 0.58, మూడోసారి 0.1. ప్రతిసారీ 500 ఘ.మీ. నైట్రోజన్, మొత్తం 1,500. 7 ఘ.మీ. సిలిండర్లయితే 214 కావాలి. బదులుగా హైడ్రో టెస్ట్ (నీటితో చేసే పీడన పరీక్ష) నీళ్లు లోపల ఉండగానే, పైనుంచి నైట్రోజన్ ఇస్తూ కిందనుంచి నీళ్లు వదిలాం. గాలి అసలు లోపలికి రాలేదు. నైట్రోజన్ వందకి కాస్త పైన సరిపోయింది.

దీని ధర తేమ రూపంలో కట్టాలి. లోపలి గోడ సుమారు 140 చదరపు మీటర్లు. పదో వంతు మిల్లీమీటరు తడి పొర మిగిలినా 14 లీటర్ల నీళ్లు. ఫర్నేసుకి కావాల్సింది మైనస్ 60 డిగ్రీల డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ బయటపడటం మొదలయ్యే ఉష్ణోగ్రత), అంటే పది లక్షల్లో పదకొండు పాళ్ల తేమ. మైనస్ 50 దాటి పైకొస్తే స్ట్రిప్ మీద క్రోమియం ఆక్సైడ్ పట్టి రంగు మారుతుంది.

ఆరబెట్టేటప్పుడు పీడనం పెంచితే త్వరగా ఆరుతుందని అనుకుంటారు, నిజం తిరగబడి ఉంది. ఒకే మోతాదు నైట్రోజన్ 30 బార్‌లో మోసే తేమ, అట్మాస్ఫియర్ దగ్గర మోసేదానిలో ముప్పయ్యో వంతు. అందుకని పొడి నైట్రోజన్‌ని అట్మాస్ఫియర్ దగ్గరే, ఎండ బుల్లెట్ మీద పడే గంటల్లో, నెమ్మదిగా వదిలాం. మొదట కింది డ్రెయిన్ నాజిల్ జేబులో నిలిచిన నీళ్లు తీసేయాలి. అది మిగిలితే వారాలు పట్టినా ఆరదు.

డ్రయ్యర్ వైపు: స్టాక్ నుంచి వచ్చే గ్యాస్‌లో 0.15 శాతం ఆక్సిజన్ ఉంటుంది. ఆక్సిజన్ తీసేసే పల్లాడియం డీఆక్సో బెడ్‌లో అది హైడ్రోజన్‌తో కలిసి నీళ్లవుతుంది. ప్రతి 0.1 శాతానికి సుమారు 16 డిగ్రీలు వేడెక్కుతుంది, అందుకని బెడ్ మీద ఉష్ణోగ్రత తేడా 25 డిగ్రీలుండాలి. ఆ తేడా తగ్గి, బయట ఆక్సిజన్ కనిపిస్తే బెడ్ తడిసిందో, లై తుంపర తగిలి చచ్చిందో అయినట్టు. తుంపర పట్టే డెమిస్టర్, ఆ తర్వాత నీటి వాష్ రెండూ ఉంటేనే బెడ్ బతుకుతుంది. తర్వాత తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్ టవర్లు రెండు, ఒకటి పనిలో, ఒకటి 250 డిగ్రీల దగ్గర పీల్చిన తేమ వదిలించుకుంటూ (రీజనరేషన్).

డ్రయ్యర్ బయట మైనస్ 70 చూపిస్తూ, ఫర్నేసు ముఖం దగ్గర మైనస్ 38 చూపించింది. రెండు కారణాలు దొరికాయి. ఎనలైజర్‌కి వెళ్లే శాంపిల్ ట్యూబు పాలియురేథేన్. తీరప్రాంత తేమ ఆ ప్లాస్టిక్ గోడ గుండా లోపలికి చొచ్చుకొస్తుంది, లోపల గ్యాస్ పీడనం ఎక్కువున్నా ఆగదు, ఎందుకంటే తేమ చూసేది తన పాక్షిక పీడనాన్నే. 316ఎల్ స్టీలు ట్యూబు వేశాక మైనస్ 52కి వచ్చింది. మిగిలింది పైపులైనులో వాల్వుల బాడీ కుహరాల్లో, గేజీలకి వెళ్లే మూసుకున్న కొసల్లో దాగిన నీళ్లు. కొసలన్నీ ఒక్కోటి విప్పి ఊదించాక మైనస్ 62.

ఇక్కడ ఇంకో చిక్కు తెలిసి ఉండాలి. అట్మాస్ఫియర్ దగ్గర మైనస్ 60 ఉన్న గ్యాస్‌నే 30 బార్‌లో కొలిస్తే మైనస్ 32 చూపిస్తుంది. రెండు ఎనలైజర్లూ సరిగ్గానే పనిచేస్తూ 28 డిగ్రీల తేడా చూపగలవు. లాగ్‌షీట్‌లో డ్యూ పాయింట్ పక్కన పీడనం రాసే గడి లేకపోతే షిఫ్టుల మధ్య తగాదా తప్పదు.

లీకులు, మంట

నైట్రోజన్‌లో 10 శాతం హీలియం కలిపి డిటెక్టరుతో ప్రతి జాయింటు చూశాం. నైట్రోజన్, సబ్బు నురగ పరీక్ష దాటినవాటిలో కూడా కొన్ని హీలియంకి దొరికాయి, ఎక్కువగా మరలు తిప్పి బిగించే గేజి కనెక్షన్లు. వాటిని కోసేసి డబుల్ ఫెరూల్ ఫిట్టింగులు, వెల్డ్ జాయింట్లు వేశాం. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా మండుతుంది, 0.02 మిల్లీజౌల్ నిప్పురవ్వ చాలు. గది పైకప్పు శిఖరం దగ్గర తెరిచిన వెంటు, దాని కిందే డిటెక్టర్లు. గోడ మీద ఎల్పీజీకి పెట్టినట్టు కింద పెడితే ఎప్పటికీ మోగవు. మోటార్లు, కేబుల్ గ్లాండ్లు గ్యాస్ గ్రూప్ 2సీకి (హైడ్రోజన్ ఉండే పేలుడు-రక్షణ వర్గం) తగినవే, 2బీ గ్లాండు బయటికి ఒకేలా కనిపిస్తుంది, ముద్ర చదివి బిగించాలి.

హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. థర్మల్ కెమెరా ఒకటి కంట్రోల్ రూములో ఉంది. అది చేతికి దొరకని క్షణానికి పొడవాటి కర్రకి కట్టిన చీపురు గేటు పక్కనే వేలాడదీశాం. ముందు చీపురు చాపుతూ నడిస్తే మంట ఉన్న చోట పుల్లలు అంటుకుంటాయి. పాతకాలపు పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది.

ఇప్పుడు నడుస్తున్నది, మిగిలినది

ఫర్నేసు పూర్తిగా ఎలక్ట్రోలైజర్ హైడ్రోజన్ మీదకి మారింది. క్రాకర్ వేడిగా నిలిపి ఉంచి, బుల్లెట్ 8 బార్‌కి దిగితే అందుకునేలా ఇంటర్‌లాక్ ఉంది. నైట్రోజన్ లేని శుద్ధ హైడ్రోజన్‌లో స్ట్రిప్ వేడెక్కడం, చల్లబడటం రెండూ వేగం మారాయి. లైను వేగం, కూలింగ్ ఫ్యాన్లు మళ్లీ సెట్ చేయాల్సి వచ్చింది. ప్రాజెక్టు షెడ్యూల్లో ఈ పనికి గడువు ముందే పెట్టుకోవాలి.

వానాకాలం ముందు చేయాల్సినవి: హైడ్రోజన్-ఇన్-ఆక్సిజన్ ఎనలైజర్‌ని 1, 2 శాతాల క్యాలిబ్రేషన్ గ్యాస్‌తో సరిచూడటం, లై నమూనాలో కార్బొనేట్, క్లోరైడు, ఇనుము కొలవడం. ఇనుము పెరుగుతుంటే ఎక్కడో నికెల్ పూత లేని ఉక్కు లైకి తగులుతోందని అర్థం.

ఆక్సిజన్ పూర్తి లోడులో గంటకు 143 కిలోలు ఇంకా గాలిలోకే పోతోంది. పక్కనున్న రీహీటింగ్ ఫర్నేసు బర్నర్లకి ఇవ్వాలని ఆలోచన. కానీ అందులో ఒకటిన్నర శాతం దాకా హైడ్రోజన్ ఉండే గంటలున్నాయి కాబట్టి అటువైపు కూడా ఒక డీఆక్సో బెడ్, నూనె తగలని బూస్టర్, గ్రీజు పూర్తిగా కడిగిన లైను కావాలి. బెడ్ కొటేషన్లు వచ్చాకే ఆ పైపు డ్రాయింగులోకి ఎక్కుతుంది.